పొలిక్సేని కాచిన నూనె

పొలిక్సేని ఈ లోయలో పుట్టలేదు. క్సెరోవుని కొండకి అవతల, మేకలు తప్ప ఇంకో బతుకు లేని ఊరు ఆమెది. పెళ్ళయి దిగివచ్చిన రోజున మా ఊరి గాలి తగలగానే పెళ్ళిబట్టల్లోనే ముక్కు మూసుకుంది. అత్తగారు చూసింది.

"కోళ్ళ షెడ్ల వాసనమ్మా. అలవాటైపోతుంది."

"అలవాటు కాకపోతే?"

కొత్తకోడలు అడగాల్సిన ప్రశ్న కాదు. మా ఊరు ఆ ప్రశ్నని మనసులో పెట్టుకుంది.

లూరోస్ నది ఒడ్డున మా ఊళ్ళో బ్రాయిలర్ కోళ్ళు పెంచని ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందరమూ ఒకే కంపెనీకి పెంచుతాం. ఈ లోయలో ఇంకో కంపెనీ లేదు. కోడిపిల్లలు కంపెనీవి. దాణా కంపెనీది. పెరిగిన కోడి కంపెనీది. చచ్చిన కోడి మాత్రం మాది.

ఆమె మొగుడు జోయిస్ షెడ్డు కట్టాలన్నప్పుడు ఆమె తన పుట్టింటి మేకలు అమ్మింది. చాలకపోతే ఏటి పక్కన ఆలివ్ చెట్లు అమ్మారు. పొడుగాటి రేకుల షెడ్డు లేచింది. దాన్లో కోళ్ళు తప్ప ఇంకేవీ పెట్టలేరు; అలా కట్టమని కంపెనీయే కొలతలిచ్చింది. కొన్నేళ్ళకి కోళ్ళ కింద పరిచే ఊక దుమ్మూ రెట్టల ఘాటూ కలిసి జోయిస్ ఊపిరితిత్తుల్లో చేరాయి. డాక్టరు షెడ్డులో అడుగు పెట్టొద్దన్నాడు. అప్పటి నుంచి అతను వాకిట్లో కుర్చీ వేసుకుని దగ్గుతూ ఉంటాడు. షెడ్డు ఆమెది. దాణా పోసేదీ, నీళ్ళ గొట్టాలు కడిగేదీ, చచ్చినవాటిని కాళ్ళు పట్టి బక్కెట్లో వేసుకుని బయటికి తెచ్చేదీ ఆమే.

కోపం ముందు నుంచీ ఉందో, షెడ్డులో పుట్టిందో తెలియదు. నేను నడిపే మా కాఫీకొట్టులోకి ఆమె వస్తుంటే పేకాట ఆడేవాళ్ళు ముక్కలు బోర్లా పెట్టేవాళ్ళు. ఆమె ఎవరినీ ఊరికే తిట్టదు. తిట్టడానికి కారణం ఉంటుంది. జనం భయపడేది ఆ కారణానికే.

అయిదారేళ్ళ కింద కంపెనీ కొత్త పాట ఎత్తుకుంది. మందుల్లేని కోడి. మూలికలతో పెరిగిన కోడి. అట్టపెట్టెల మీద ఒరేగానో పొదల మధ్య నవ్వుతూ ఒక ఆడపిల్ల బొమ్మ. సూది మందులూ నీళ్ళ మందులూ బందు. బదులుగా దాణాలో కలపమని ఆకుపచ్చ సంచుల్లో ఒరేగానో పొడి. అది తప్ప ఇంకేం కలిపినా ఒప్పందం రద్దు.

మొదటి ఏడు ఆ సంచి విప్పితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వాము నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు ఉండేది ఘాటు. కోళ్ళు బాగున్నాయి. రెట్ట గట్టిగా పడేది, ఊక పొడిగా ఉండేది. పొలిక్సేని ఒక్కసారిగా కంపెనీని మెచ్చుకుంది. మా కొట్టులోనే, అందరూ వింటుండగా.

"మా నాన్న మేకలు కడుపు చెడితే వాటంతటవే కొండెక్కి ఒరేగానో మేసొచ్చేవి. మేకకి తెలిసిన సంగతి కంపెనీకి ఇన్నాళ్ళకి తెలిసింది. పోనీలే, తెలిసింది కదా!"

ఆమె నోటి నుంచి మెచ్చుకోలు వినడం మా ఊళ్ళో అదే మొదలు.

తరువాత ఒరేగానో నూనెకి ఎక్కడెక్కడో గిరాకీ పెరిగిందన్నారు. ధర కొండెక్కిందన్నారు. మాకు సంచులు మాత్రం వస్తూనే ఉన్నాయి. అదే ఆకుపచ్చ రంగు, అదే నవ్వే పిల్ల. వాసన లేదు. అసలు లేదని కాదు, కిందటేడు గుడిలో పెట్టి వదిలేసిన పువ్వుకి ఉండేంత. సంచిలో ఏముందో ఎవరం తేల్చుకోలేదు. గడ్డి పొడి అన్నారు కొందరు. నూనె తీసేసిన పిప్పి అన్నారు కొందరు. కంపెనీ వాసన తగ్గించిందనీ, సత్తువ తగ్గించలేదనీ సూపర్‌వైజరు అన్నాడు.

సూపర్‌వైజరు పేరు స్తెర్గియోస్. పక్క ఊరి కుర్రాడు. వాళ్ళమ్మ, పొలిక్సేని ఒకే ఏడు ఈ లోయకి కోడళ్ళుగా వచ్చారు.

ఆ వేసవి ఎండకి షెడ్ల రేకులు కాలిపోయాయి. పంకాలు తిరిగేవి, వేడి గాలినే ఇటు నుంచి అటు తోసేవి. ఊరంతా కోళ్ళు పోయాయి. ముందు రెట్ట పల్చబడింది, తరవాత నెత్తుటితో ఎర్రబడింది. రెండు బ్యాచీలు వరసగా దెబ్బతిన్నాయి. లాంబ్రోస్‌వీ పోయాయి, మరియాంథివీ పోయాయి. లాంబ్రోస్ జోయిస్‌కి అన్న. మరియాంథిది పొలిక్సేని షెడ్డుకి ఎగువ షెడ్డు. అందరికంటే ఎక్కువ పోయినవి పొలిక్సేనివి. ఎండకి అందరికంటే ఎదురుగా ఉన్నది ఆమె షెడ్డే.

మూడో బ్యాచీ సగం ఎదిగేసరికి పొలిక్సేని షెడ్డులో మళ్ళీ ఎరుపు కనపడింది. స్తెర్గియోస్ వచ్చాడు. తెల్ల కోటు, కాళ్ళకి నీలం సంచులు. గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి చూశాడు.

"గాలి ఆడటం లేదు అత్తా."

"ఆకాశంలోనే ఆడటం లేదు. నా షెడ్డులో ఎక్కణ్ణించి ఆడుద్ది?"

"ఊక తడిగా ఉంది. తిరగెయ్యాలి."

"పొద్దున తిరగేశా. నువ్వు నిద్ర లేవక ముందు. సంచి సంగతి చెప్పు."

"సంచికేమైంది?"

ఆమె సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి అతని ముక్కు కింద పెట్టింది.

"చూడు. మీ అమ్మ గొర్రె మాంసంలో వేసేది నీకు తెలియదా? అది ఇదేనా?"

"అత్తా, నేను లాబొరేటరీ కాదు కదా!"

"ముక్కుంది కదా!"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "ఈ బ్యాచీ కూడా పోతే ఇంక మీకు పిల్లలు దింపొద్దంటారు పైన. నేనేం చెయ్యలేను. ముందే చెప్తున్నా."

"నువ్వు ముందే చెప్తున్నావు. అదొక గొప్పా? చచ్చేవాడికి పాడె కొలత ముందే చెప్పినట్టు!"

అతను వెళ్ళాక ఆమె షెడ్డు గోడకి ఆనుకుని నిలబడింది. వాకిట్లోంచి జోయిస్ దగ్గు వినపడింది. పిల్లలు దింపకపోతే ఏముంది వాళ్ళకి? మేకల్లేవు. ఆలివ్ చెట్లు లేవు. రేకుల కింద పొడుగాటి నీడ ఒకటి ఉంది.

మర్నాడు కొడవలి పట్టుకుని కొండెక్కింది.

ఒరేగానో తెల్లగా పూసే కాలం. కొయ్యాల్సింది అప్పుడే. దుబ్బు వేరు కదలకుండా, నేలకి జానెడు పైన కోసి, కట్టలు కట్టి, గాడిద మీద దించింది. ముందు ఎండబెట్టి పొడి చేసి దాణాలో కలిపింది. కోళ్ళు పొడి పక్కకి చిమ్మి గింజ తిన్నాయి. తడి రెట్ట తడిగానే ఉంది. ఆకు చాలదు, నూనె కావాలి అనుకుంది. నూనె కావాలంటే కాచాలి. కాచాలంటే రాగి కాగు కావాలి.

మా ఊరికి ఒకటే సారా కాగు. లాంబ్రోస్ కొట్టంలో ఉంటుంది. శరదృతువులో ద్రాక్షరసం తీశాక మిగిలిన పిప్పిని ఊరంతా తెచ్చి వంతులవారీగా అందులో కాచుకుంటుంది. మిగతా కాలం సుంకంవాళ్ళు మూతకీ కాగు చెవికీ కలిపి తీగ చుట్టి సీసపు ముద్ర వేసి పోతారు. ముద్ర తెగితే జైలు.

"బావా, నీ కాగు కావాలి," అంది వెళ్ళి.

లాంబ్రోస్ నవ్వాడు. "మండుటెండలో సారా ఏంటమ్మాయ్? బాధ అంత ముదిరిందా?"

"సారా కాదు. ఒరేగానో నూనె. కోళ్ళకి."

"సీసం కనపడుతుందా?"

"కనపడుతుంది."

"మరి మాట్లాడకు. నా కోళ్ళూ చస్తున్నాయి. నేనేమన్నా కొండలెక్కుతున్నానా? అందరికీ వచ్చిందే మనకీ వచ్చింది. కంపెనీని కూర్చోబెట్టి అందరం కలిసి అడుగుదాం, నష్టం కట్టమని."

"ఎప్పుడు?"

"వేసవి పోనీ."

"వేసవి పోయేసరికి నా షెడ్డు పోద్ది."

అతను భుజాలెగరేశాడు. ఆ భుజాలెగరెయ్యడం ఆమెకి బాగా తగిలింది. అన్నం పెట్టమంటే లేదన్నా ఆమె ఓర్చుకుంటుంది, భుజాలెగరేస్తే ఓర్చుకోదు.

ఆ కాగు చెవికి ఒక మేకు వదులని ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. సారా కాచే ప్రతి ఏడూ దాన్ని సుత్తితో కొట్టి బిగిస్తారు, మళ్ళీ వదులవుతుంది. లాంబ్రోస్ పెళ్ళాంతో కలిసి ఆర్తా సంతకి వెళ్ళిన రోజున పొలిక్సేని వాళ్ళ కొట్టంలోకి వెళ్ళింది. మేకు లాగింది. చెవి ఊడి వచ్చింది, తీగతో, సీసంతో సహా. ముద్ర ముద్రలాగే ఉంది. మూత తెరుచుకుంది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచింది. కాగు నిండా పూలూ కాడలూ కుక్కి, నీళ్ళు పోసి, మూత చుట్టూ పిండి ముద్ద మెత్తింది. చల్లనీళ్ళ పీపాలోంచి వచ్చే గొట్టం చివర గాజు జాడీ పెట్టింది. నీళ్ళు కారాయి. నీళ్ళ మీద ఎర్రటి పసుపు రంగు పొర తేలింది. కొట్టమంతా ఘాటెక్కింది. ఆమె కళ్ళు వాచిపోయాయి. మోపులకి మోపులు కాచితే ఒకటి రెండు కాఫీ గిన్నెల్లో పట్టేంత నూనె వచ్చింది. చివర్న కాగుని బూడిదతో తోమింది, నిమ్మకాయలతో తోమింది, వెనిగరు పోసి కడిగింది. వంగి లోపల వాసన చూసింది. ఏమీ తెలియలేదు. ఆ నెలంతా ఆమె జుట్టులో, గోళ్ళలో, దిండులో ఒరేగానోనే. ఆమె ముక్కుకి అది ఒక వాసనగా తెలియడం ఎప్పుడో మానేసింది. చెవి పెట్టి మేకు కొట్టింది. శుభ్రంగా ఉందనుకుని వెళ్ళిపోయింది.

తరవాత తప్పు చేసింది. కోపంలో ఉన్నవాళ్ళు చేసే తప్పే. త్వరపడింది. నూనెని నేరుగా నీళ్ళ ట్యాంకులో పోసింది. నూనె నీళ్ళలో కలుస్తుందా? పైన తేలింది. ట్యాంకు ఖాళీ అవుతూ అవుతూ ఆ పొరంతా ఒక్కసారిగా గొట్టాల్లోకి దిగింది. షెడ్డు చివరి వరసలో కోళ్ళు ముక్కు పెట్టి, తలలు విదిలించి, వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ ఎండలో నీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నానికి ఆ వరస వరసంతా పడిపోయింది.

ఆమె బక్కెట్ల మీద బక్కెట్లు మోసింది. జోయిస్ కుర్చీలోంచి లేచాడు.

"నేనూ పట్టుకుంటానే."

"కూర్చో. నువ్వు కూడా పడితే నిన్ను కూడా కాళ్ళు పట్టి ఈడ్చాలి."

గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చింది. ఏడవలేదు. ఆ సాయంత్రం గొట్టాలన్నీ కడిగి, మంచినీళ్ళు ఎక్కించింది. మిగిలిన నూనెని ఆలివ్ నూనెతో పల్చన చేసి, నలిపిన మొక్కజొన్నకి పట్టించి, రెండు చేతులా రుద్ది దాణాలో కలిపింది. కోళ్ళు తిన్నాయి.

రెట్ట గట్టిపడింది. అదే వారం సముద్రం వైపు నుంచి మబ్బు పట్టి గాలి కూడా చల్లబడింది. నయమైంది నూనెకా, చలిగాలికా? మా కొట్టులో ఇప్పటికీ తెగని వాదన అది. ఆ బ్యాచీ మాత్రం ఎదిగింది. లారీ వచ్చి ఎత్తుకుపోయింది. ఊళ్ళో ఆ వేసవి నిలబడ్డ బ్యాచీ అదొక్కటే. స్తెర్గియోస్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చూశావా అత్తా? ఊక తిరగేస్తే ఎలా ఉందో!"

ఆమె చెయ్యి లాక్కుంది. ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకి ఎంత కష్టమో ఆమె మెడ మీద నరం చూస్తే తెలిసేది.

ద్రాక్షలు కోశారు. పిప్పి ఊరింది. సుంకంవాళ్ళు వచ్చి సీసం తెంపారు. లాంబ్రోస్ కొట్టంలో సారా కాచే రోజు మా ఊరికి చిన్న పండగ. నిప్పుల్లో బంగాళాదుంపలు, పళ్ళెంలో ఆలివ్‌లు, ఇనప కడ్డీ మీద సాసేజీలు. స్తెర్గియోస్‌ని కూడా పిలిచారు. నష్టం మాట అడగాలి కదా, రెండు గుక్కలు తాగించి అడుగుదామని.

మొదటి ధార పారబోసి, తరవాతి ధార లాంబ్రోస్ చిన్న గ్లాసులో పట్టాడు. ఏటా మొదటి గుక్క అతనిదే. అందరూ అతని మొహం చూస్తున్నారు. మింగాడు. మొహం అక్కడే ఆగిపోయింది.

"ఏంట్రా? బాగా వచ్చిందా?"

అతను గ్లాసు మరియాంథికి ఇచ్చాడు. ఆమె వాసన చూసి, నాలుక తడిపి, "ఇందులో రెండు టమాటాలు కోసి వేస్తే సలాడు," అంది.

గ్లాసు చేతులు మారింది. నవ్వులు మొదలయ్యాయి. "నా సాసేజీ ముంచుకుంటా, ఉప్పు తప్ప అన్నీ ఉన్నాయి." "మా ముసలాడికి దగ్గుమందుగా పనికొస్తుంది." నవ్వుతూనే రెండోసారి కాచారు. అదే వాసన. మూడోసారీ అదే. అప్పుడు నవ్వులు ఆగాయి. ఏడాది సారా. పెళ్ళిళ్ళకీ చావులకీ ఇంటికొచ్చినవాళ్ళకీ పొయ్యాల్సింది. మా వైపు సారాలో సోంపు వేస్తేనే తప్పుపడతాం.

మరియాంథి గ్లాసు దీపానికి ఎత్తి పట్టుకుని అంది, "అదేమో కానీ, కంపెనీ సంచిలో ఉండాల్సిన వాసన ఇదేనర్రా!"

మళ్ళీ ఒక్కసారి అందరూ నవ్వారు. స్తెర్గియోస్ నవ్వలేదు.

"ఎవరు చేశారిది?" లాంబ్రోస్ అరిచాడు. "నా కాగులో ఎవరు కాచారు?"

పొలిక్సేని చెప్పకుండా ఉండవచ్చు. ఎవరూ చూడలేదు. ఆమె బంగాళాదుంప తొక్క తీస్తూ ఉంది. తొక్క తీయడం పూర్తి చేసింది.

"నేనే బావా. నువ్వు సంతకి పోయినప్పుడు."

"సీసం?"

"సీసం తెగలేదు. చెవి ఊడింది. అది ఎప్పుడూ ఊడేదే."

లాంబ్రోస్ ఆలివ్‌ల పళ్ళెం తన్నాడు. ఆ రోజు ఆమెని అన్న మాటలు రాయను. ఊరంతా అంది. ఆమె బ్యాచీ ఒక్కటే ఎందుకు నిలబడిందో అప్పుడు అందరికీ అర్థమైంది, దానికి కూడా కోపం వచ్చింది. "మాకు చెప్పలేదే!" అన్నారు. "చెప్పాను. కాగు అడిగాను. భుజాలెగరేశారు," అంది ఆమె. నిజమే. నిజం ఆ సమయంలో ఎవరికి కావాలి?

స్తెర్గియోస్ గ్లాసు కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. నష్టం మాట ఎవరూ అడగలేదు.

మర్నాడు వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు. జోయిస్ తన కుర్చీ జరిపి అతనికి ఇంకో కుర్చీ చూపించాడు. అతను కూర్చోలేదు.

"అత్తా, ఒప్పందం ప్రకారం నిన్ను ఈ రోజే తీసెయ్యాలి. దాణాలో బయటి పదార్థం కలిపావు."

"ఒరేగానో కలిపాను. మీ సంచి మీద బొమ్మలో ఉన్నదే."

"బొమ్మ వేరు, రూలు వేరు."

"అవును. బొమ్మ కొనేవాడికి, రూలు నాకు."

అతను తల వంచుకుని బూటుతో నేల గీకాడు. "నేను నీకోసం పైన మాట్లాడాను. ఒక దారి ఉందన్నారు. ఆదివారం గుడి అయ్యాక కాఫీకొట్టులో మీటింగు పెడుతున్నాం, వేసవి నష్టం గురించి. అందరూ అడుగుతున్నారు కదా. నువ్వు లేచి ఒక్క మాట చెప్పు. ముందు రెండు బ్యాచీలప్పుడు కూడా ఏదో ఒకటి కలుపుతూనే ఉన్నానని. పక్కవాళ్ళకి కూడా ఇచ్చానని. అంతే. నీకు పిల్లలు దిగుతాయి, ఎప్పట్లాగే."

"వాళ్ళకి?"

"వాళ్ళకి కూడా దిగుతాయి. నష్టం మాత్రం రాదు. ఎవరి షెడ్డు వాళ్ళ బాధ్యత అవుతుంది."

"అంటే కోళ్ళని చంపింది నేను."

"మాట వరసకి అత్తా."

"మీ అమ్మకి తెలుసా నువ్వీ పని మీద వచ్చావని?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మని ఎందుకు లాగుతావు? నాకూ ఉద్యోగం పోతుంది."

"పోనీ. నాలాగే మేకలమ్ముకుని షెడ్డు కట్టుకో."

అతను వెళ్ళాక జోయిస్ చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు.

"చెప్పెయ్యవే. మాటే కదా. నిన్న ఊరు ఊరంతా నిన్ను కుక్కని తిట్టినట్టు తిట్టింది. మా అన్న మొహం మీద తలుపు వేశాడు. వాళ్ళ కోసమా నువ్వు షెడ్డు పోగొట్టుకునేది?"

"వాళ్ళ కోసం ఎవరన్నారు? వాళ్ళంతా ఒకే ఏట్లో మునిగినా నేను తాడు వెయ్యను."

"మరి?"

ఆమె కుర్చీ ఎత్తి గోడవారగా విసిరింది, స్తెర్గియోస్ కూర్చోకుండా పోయిన కుర్చీ. ఒక కాలు విరిగింది. జోయిస్ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, విరిగిన చోట వేలితో తడుముతూ కూర్చున్నాడు.

ఆదివారం మా కొట్టు నిండిపోయింది. పెంచేవాళ్ళందరూ వచ్చారు. నేను కాఫీలు ఇస్తూ ఉన్నాను. పొలిక్సేని తలుపు దగ్గర నల్ల కోటుతో నిలబడింది. ఎవరూ చోటివ్వలేదు, ఆమె అడగనూ లేదు. స్తెర్గియోస్‌తో పాటు కంపెనీ నుంచి టై కట్టిన ఒకాయన వచ్చాడు. ఆయన మూలికల గురించి, నమ్మకం గురించి, మనమంతా ఒక కుటుంబమన్న సంగతి గురించి మాట్లాడాడు. తరవాత, "పొలిక్సేనిగారు మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నారు," అన్నాడు. స్తెర్గియోస్ నేల చూశాడు.

ఆమె కోటు గుండీ పెట్టుకుంది.

"మూడో బ్యాచీలో నూనె కలిపాను. మొదట్లో తప్పుగా కలిపాను, నా చేతులతో నా కోళ్ళనే చంపుకున్నాను. అది నా ఖర్మ. మొదటి రెండు బ్యాచీల్లో మీ సంచి తప్ప నేనేమీ వెయ్యలేదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. వేశానని చెప్పమన్నారు. చెప్తే పిల్లలు దింపుతామన్నారు. చెప్పను."

టై కట్టినాయన, "అమ్మా, మీరు ఆవేశంలో ఉన్నారు," అన్నాడు.

"ఉన్నాను. రోజూ ఉంటాను. అబద్ధమాడను." ఇటు తిరిగింది. "మీరు చెప్పండి. మీ కోళ్ళు ఏం తిని చచ్చాయి? మరియాంథీ, నువ్వు చెప్పు. నా నూనె నీ గుమ్మం తొక్కిందా?"

మరియాంథి తన కాఫీలోకి చూసుకుంది. ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. మా ఊరిని నేను ఎప్పుడూ అంత అసహ్యించుకోలేదు. టై కట్టినాయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు పొయ్యి దగ్గర కూర్చున్న లాంబ్రోస్ లేచాడు. పొలిక్సేని వైపు చూడలేదు.

"ఇది నా కాగు పాడు చేసింది. దొంగలా నా కొట్టంలో దూరింది. చచ్చేదాకా దీనితో మాట్లాడను. దీని శవం మీద మట్టి కూడా వెయ్యను." ఊపిరి తీసుకున్నాడు. "కానీ నా కోళ్ళు దీని నూనె తాగలేదు. నీ సంచే తిన్నాయి."

అని కూర్చున్నాడు. ఇంకెవరో, "మావి కూడా," అన్నారు. తరవాత ఇంకొకరు. మరియాంథి అన్నది అందరికంటే ఆఖరున.

పొలిక్సేని అప్పటికే వెళ్ళిపోయింది.

ఈస్టరు ఉపవాసాలకి ముందు కంపెనీ నష్టంలో సగం కట్టింది. అందరికీ. ఆమెకి తప్ప, బయటి పదార్థం కలిపినవాళ్ళకి ఇవ్వరట. ఈ సంగతి ఆమెకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. డబ్బు అందుకున్నవాళ్ళు ఆమె వాకిలి ముందు నుంచి కాకుండా ఏటి గట్టు మీద నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళు. చివరికి జోయిస్ మందుల దుకాణంలో విన్నాడు.

కంపెనీ పిల్లలు దింపడం మానేసినా ఆమె షెడ్డు కడుగుతూనే ఉంది. పిల్లలు రానిదానికి కడగడమెందుకని ఎవరో అడిగితే, "మురికిగా ఉంది కనక," అంది. పైపు పట్టుకుని గోడలు కొట్టేది. పంకాల రెక్కలు ఊడదీసి తుడిచింది. కొత్త ఊక వెయ్యలేదు. నేల సిమెంటు తెల్లగా బయటపడింది.

మార్చిలో, కొండ మీద ఇంకా మంచున్న రోజున, పిల్లల లారీ ఆమె వాకిట్లోకి తిరిగింది. డ్రైవరు కొత్తవాడు. ఎగువ షెడ్డు అని చెబితే మొదటి షెడ్డు అనుకున్నాడు. వెనక తలుపులు బార్లా తెరిచి, ప్లాస్టిక్ పెట్టె ఒకటి దించబోయాడు. ఆ లారీలోంచి వచ్చే కిచకిచ వింటే ఎవరైనా ఆగుతారు. వేల గొంతులు కలిసి ఒక్క సన్నటి గొంతయినట్టు ఉంటుంది. ఆమె షెడ్డులోంచి పైపు పట్టుకునే వచ్చింది. నీళ్ళు ఆమె బూట్ల మీద కారుతున్నాయి.

నేను అవతల రోడ్డు మీద రొట్టెలు పట్టుకుని వెళుతూ ఆగాను.

"మీవేనా అమ్మా? సంతకం పెడతారా?"

ఆమె పెట్టెల్లోకి చూసింది. పసుపుపచ్చగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. కొండ మీద నుంచి గాలి కొట్టింది. పెట్టెల్లోని పిల్లలు ఒక మూలకి ముద్దగా చేరాయి. జోయిస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఆశగా, పిచ్చివాడిలా.

"నావి కావు," అంది. "మరియాంథివి. పైకి పో."

వాడు జేబులో కాగితం వెతుక్కుంటూ నిలబడ్డాడు.

"వెతుకులాట తరవాత! ముందు ఆ తలుపు ముయ్యరా గాడిదా, పిల్లలకి చలి!"